తిరుపతి బట్టల షాపులో అన్నానికి పావుగంటే ఇస్తున్నారు, అడగొచ్చా?

మీ చెల్లెలు గాంధీ రోడ్డు వైపు ఓ చీరల షోరూంలో చేరిందనీ, మధ్యాహ్నం పావుగంటకు మించి వదలడం లేదనీ, అడిగితే పని పోతుందేమోనని భయపడుతోందనీ రాశారు. అడగొచ్చు. అడగాలి కూడా. దానికి 1988 నాటి షాపుల చట్టం ఉంది. నేను పని చేసిన రోజుల్లో దాని ప్రకారం ఐదు గంటలు దాటి పని చేయించాలంటే మధ్యలో గంట విరామం ఇచ్చి తీరాలి. 2025లో సవరణ తెచ్చి రోజు పనిని ఎనిమిది గంటల నుంచి పదికి పెంచారు గానీ అన్నం తినే విరామాన్ని ఎత్తేయలేదు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. కానీ రేపటి నుంచి గంట ఇస్తామన్నా మీ చెల్లెలు ఆ గంట తినదని నేను పందెం కాస్తాను.

నేను 2012 నుంచి మూడేళ్లు ఒక షాపులో పట్టు సెక్షన్లో ఉన్నాను. పేరు చెప్పను. చంద్రగిరి దగ్గర మా ఊరు. పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు వస్తే రాత్రి తొమ్మిదిన్నర దాటాకే ఇల్లు. జీతం ఆరున్నర వేలు. భోజనానికి బ్యాచ్‌లు ఉండేవి, నాది రెండు గంటల బ్యాచ్. తినే చోటు గోడౌన్‌కి పోయే మెట్లు. అట్టపెట్టెల మధ్య మెట్టుకొకరం కూర్చుని తినేవాళ్లం. ఎవరైనా స్టాక్ మోసుకుంటూ దిగితే క్యారియర్ ఎత్తుకుని లేచి దారి ఇవ్వాలి.

అది పెరటాసి, అంటే తమిళుల పురటాసి నెలలో ఒక శనివారం. తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ నెలలో తమిళనాడు నుంచి జనం ఎలా వస్తారో. దర్శనం చేసుకుని కొండ దిగి, రాత్రి రైలు ఎక్కేలోపు చీరలు చూస్తారు. రెండింటికి పది నిమిషాలు ఉందనగా ఒక పెళ్లివారు వచ్చారు. పదకొండు మంది ఆడవాళ్లు, వెంట ఒక ముసలావిడ. నా కౌంటర్ ముందే కూర్చున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అసలు విషయం ఇదే. బిల్లు మీద ఎవరి కోడ్, అంటే అమ్మే పిల్ల నంబర్, పడితే ఆ అమ్మకం మీద వచ్చే ఇన్సెంటివ్ వాళ్లది. పెళ్లివారి బిల్లంటే నాకు ఆ నెల బస్సు ఖర్చు మొత్తం వచ్చినట్టే. రెండు కాగానే "నేను తినేసి వస్తా, నువ్వు చూపించు" అని పక్క పిల్లకు అప్పగించి పోతే, నేను విప్పిన యాభై చీరలకు ఆమె కోడ్ పడుతుంది. ఆమెదీ తప్పు కాదు, చివర్లో బిల్లు చేసేది ఆమే కదా. అందుకని నన్ను ఎవరూ ఆపకపోయినా నేను పోలేదు. సూపర్‌వైజర్ "ఏమ్మా, బ్యాచ్ అయిపోతోంది, పోలేదా?" అని కూడా అడిగాడు. మంచివాడే. వాళ్లకు అలా అడగడం తేలిక. తలుపు తీసే ఉంది, పోనిదాన్ని నేనే.

నాలుగైంది. పెళ్లికూతురికి ఏదీ నచ్చలేదు. విప్పిన చీరలు మోకాళ్లదాకా గుట్ట పడ్డాయి. ముసలావిడ నన్నే చూస్తూ "సాప్టియామ్మా?" అంది. తిన్నానమ్మా అన్నాను. నమ్మలేదు. సంచిలోంచి కొండ లడ్డూ తీసి సగం విరిచి నా చేతిలో పెట్టింది. ప్రసాదం కాదనలేం కదా. ర్యాక్ వెనక్కి తిరిగి రెండు ముక్కల్లో మింగేశాను. తిరుపతి దగ్గర పుట్టిన నాకు ఆ లడ్డూ కొత్తదేం కాదు గానీ, ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. చేయి చీర కొంగుకు తుడుచుకున్నాననే అనుకున్నా. సరిగ్గా తుడుచుకోలేదు. వంకాయ రంగు పట్టుచీర అంచు మీద నెయ్యి మరక, రెండు వేళ్ల వెడల్పు.

వాళ్లు చివరికి ఆరు చీరలు తీసుకున్నారు, నా కోడ్ మీదే. సాయంత్రం మడతలు పెడుతుంటే మరక బయటపడింది. 4,850 రూపాయలు. నాలుగు నెలల పాటు జీతంలో కోశారు. పెళ్లివారి ఇన్సెంటివ్ అందులో మూలకు కూడా రాలేదు. పోనీ డబ్బు కట్టాక చీర నాదే కదా? ఇవ్వలేదు. డ్రై క్లీనింగ్ చేయించారు. తర్వాతి ఆషాఢం తగ్గింపు ధరల్లో అదే చీర నా కౌంటర్ మీదే పెట్టారు. నేనే అమ్మాను. ఈ మాట మా ఇంట్లో చెబితే ఇప్పటికీ మా ఆయన నవ్వుతాడు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

కొండ మీద 1985 నుంచి భక్తులకు ఉచితంగా అన్నం పెడుతున్నారు. కింద ఊళ్లో, వచ్చినవాళ్లకు చీరలు చూపించే పిల్లలు మెట్ల మీద తింటారు, అదీ తీరికుంటే. నాతో పనిచేసిన వాళ్లలో గ్యాస్ట్రిక్ లేని ఆడపిల్లను నేను చూడలేదు. కాళ్ల సంగతి సరే సరి. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదు, సీసీ కెమెరాలో కనిపిస్తే ఫైన్. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలు సవరించి కూర్చునే హక్కు పెట్టాయి. కోళికోడ్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లే ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్నారు. మనకు తమిళనాడులోని వేలూరు ఎంత దూరం? అక్కడి పిల్ల స్టూలు మీద కూర్చోవచ్చు, ఇక్కడి పిల్ల ర్యాక్‌కు ఆనుకోవాలి.

ఇక ఫిర్యాదు మాట. మాలో ఒకామె ధైర్యం చేసి లేబర్ ఆఫీసులో రాసిచ్చింది. అధికారి వచ్చాడు, పాపం రిజిస్టరే అడిగాడు. రిజిస్టర్లో అందరికీ గంట విరామం, పక్కన మా సంతకాలు. నెలాఖరున జీతం చేతికిచ్చే ముందు ముప్పై రోజులకూ ఒకేసారి పెట్టించుకునేవాళ్లు. మేం పెట్టేవాళ్లం. ఆయన ఇంకేం చేస్తాడు? ఆ పిల్లను మరుసటి వారం పిల్లల బట్టల సెక్షన్‌కి మార్చారు, అక్కడ ఇన్సెంటివ్ లేదు.

అందుకని మీ చెల్లెల్ని ఒంటరిగా పోయి గంట అడగమనకండి. సెక్షన్లో ఉన్న నలుగురూ కలిసి ఒక్క మాట అడగమనండి: తినడానికి పోయినప్పుడు కౌంటర్ చూసే మనిషిని పెట్టాలి, సగంలో ఉన్న బిల్లు మీద పోయినామె కోడే ఉండాలి. ఖర్చు లేని పని ఇది. కంప్యూటర్లో ఒక నంబర్ కొట్టడమే. ఈ ఒక్కటి జరిగితే ఎవరూ తరమకుండానే పిల్లలు లేచి అన్నానికి పోతారు. జరక్కపోతే గంట కాదు, రెండు గంటలిచ్చినా కౌంటర్ దగ్గరే ఉంటారు. తారీఖులు నింపని కాగితం మీద సంతకం మాత్రం పెట్టవద్దనండి, జీతం ఒకరోజు ఆలస్యమైనా సరే.

మా అమ్మకు నేనెప్పుడూ ఏం చెప్పలేదు. రాత్రి క్యారియర్ అందుకుని బరువు చూసి కనిపెట్టేది. మీరూ మీ చెల్లెలి క్యారియర్ చూడండి. నిండుగా తిరిగొచ్చిన రోజల్లా క్యాలెండర్లో ఆ తారీఖు మీద గీత పెట్టండి. లేబర్ ఆఫీసుకు పోయేటప్పుడు ఆ క్యాలెండర్ కూడా తీసుకుని పొండి.