వేలితో చూశాకే నీళ్లు

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మిద్దె మీద కుండీల ఫొటోలు చూశాను. టమాటా ఆకు వేలాడిపోయింది, మట్టి మాత్రం నల్లగా తడితడిగా ఉంది. దానికి దాహం కాదమ్మా, ఊపిరాడటం లేదు. వేళ్లకు నీళ్లెంత కావాలో గాలీ అంతే కావాలి. మట్టిలో సందులన్నీ ఎప్పుడూ నీళ్లతోనే నిండి ఉంటే వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి ఆకు వాడుతుంది. మనం అది చూసి ఇంకో చెంబు పోస్తాం.

ఆ కుండీకి నీళ్లు ఆపెయ్. అడుగు చిల్లులు పూడుకుపోయి ఉంటాయి, పుల్లతో పొడిచి తెరువు. కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు చెయ్. కింద పళ్లెం ఉంటే తీసెయ్. నాలుగు రోజులు నీడలో ఉంచు.

ఇకమీదట గడియారం చూసి నీళ్లు పోయకు. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించు. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి పైకి ఎండినట్టే కనబడుతుంది, తడంతా లోపల దాచుకుంటుంది. పోసిన రోజున మాత్రం చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి. పన్నెండంగుళాల కుండీకి లీటరున్నర దాకా పడుతుంది. రోజూ గ్లాసెడు చల్లితే పైపైనే తడిసి వేళ్లు పైకి పాకుతాయి, మే నెల ఎండకు ముందు మాడేవి అవే. మట్టి బాగా ఎండి కుండీ అంచు వదిలేసి ఉంటే, నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి, కింద కారాయి కదా అని నువ్వు సరిపెట్టుకుంటావు, నడుమ మట్టి పొడిగానే ఉంటుంది. అప్పుడు సగం పోసి, పది నిమిషాలాగి మిగతాది పొయ్.

ఎండ ఎక్కకముందే పోయడం మంచిది. సాయంత్రం పోస్తే పైపులో కాగిన నీళ్లు ముందు పక్కకు వదిలెయ్, అవి నేరుగా వేళ్ల మీద పడకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి లేస్తే భయం లేదు. పొద్దున్నే వాలి ఉంటేనే మట్టి చూడు.

ఎరువు దగ్గర నువ్వు చేసిన పని నాకు బాధనిపించింది. చెంచాడు యూరియా ఒక్క గులాబీ కుండీకే వేశావన్నావు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజనే. ఊరగాయలో ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగినట్టు, మట్టిలో ఎరువు ఉప్పు ఎక్కువైతే వేరులోంచి నీళ్లు లాగేస్తుంది, ఆకు అంచులు కాలినట్టవుతాయి. గులాబీకి వచ్చింది ఆ జబ్బే. ఇరవై లీటర్ల మట్టి పట్టే కుండీ అయితే నలభై లీటర్ల నీళ్లు గంటసేపట్లో కొద్దికొద్దిగా పోసి కడిగెయ్. తర్వాత మట్టి ఆరేదాకా ముట్టకు. నెల రోజులు ఏ ఎరువూ వద్దు.

మామూలుగా పన్నెండంగుళాల కుండీకి నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, అరగుప్పెడు వేపపిండి చాలు. పైమట్టి అంగుళం పక్కకు తీసి, కాండానికి నాలుగు వేళ్ల ఎడంగా చుట్టూ వేసి, మట్టి కప్పి నీళ్లు పొయ్. పశువుల ఎరువైతే నల్లగా పొడిపొడిగా మాగి ఉండాలి, పేడ వాసన వస్తే వద్దు. పచ్చి పేడ కుండీలో వేడెక్కుతుంది, వేరుపురుగూ దాంతోనే వస్తుంది. కాపు మీదున్న వంగ, టమాటాలకు వేరుశనగ చెక్క వంద గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి కుండీకి అరలీటరు ఇవ్వు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువు వాడాలనుకుంటే లీటరుకు రెండు గ్రాములు దాటకు. ఏదైనా సరే, ఎండిన మట్టి మీద పోయకు, ముందు మామూలు నీళ్లతో తడుపు. టీ పొడి వేస్తే పాలు, పంచదార పోయేలా కడిగి వెయ్, లేదంటే చీమలు పడతాయి.

అడుగు ఆకులు పసుపు రంగుకు తిరిగితే నత్రజని తక్కువని అర్థం. కొత్త చిగుళ్లు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మీ బోరు నీళ్ల వంటి, సున్నపు ఉప్పులున్న నీళ్లతో ఇది మామూలే. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ఐదు గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ఒక గ్రాము లీటరు నీళ్లలో కలిపి, సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చెయ్, వారానికోసారి చొప్పున మొత్తం రెండు మూడు సార్లు. టమాటా కాయ అడుగు నల్లబడితే పురుగుమందు కొట్టకు. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచేస్తే కాయకు కాల్షియం అందదు. నీళ్లు ఒక తీరున అందితే తర్వాతి కాయలు బాగుంటాయి, నల్లబడ్డవి కోసి పారెయ్.

గులాబీ కడిగాక వారానికి ఫొటో పంపు, చిగురు చూసి కత్తిరింపు సంగతి చెబుతాను.

మీ పెద్దమ్మ