బ్యాకప్ పెట్టుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలిని ఆశీర్వదించి తెనాలి నుంచి అత్తయ్య వ్రాయునది.

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేశాడు. తాతయ్యగారి 19 డైరీలనూ నువ్వు ఒక్కదానివే కూర్చుని స్కాన్ చేశావని, వాటికి రోజూ తనంతట తానే నకలు తీసుకునే ఏర్పాటు కూడా కంప్యూటర్‌లో పెట్టావని చెప్పినప్పుడు కాసేపు నాకు మాట పెగలలేదు. ఆ కట్టను అటక మీద నుంచి దించాలన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. ఆ సంతోషం ఇంకా సగంలో ఉండగానే మీ నాన్న రెండో మాట అన్నాడు: "అదేదో రోజూ ఎర్ర గుర్తు చూపిస్తోందట అక్కా, రాత్రిపూటది అసలు నడవడమే లేదట, విసుగొచ్చి తీసేస్తానంటోంది." తీసెయ్యకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేవరకు దేన్నీ తీసెయ్యకు, దేన్నీ చెరపకు.

నేను ఇంజినీరును కాదు. పదిహేడేళ్లు డీటీపీ సెంటర్ నడిపి, కంప్యూటర్ చెడిపోయిన ప్రతిసారీ చేతులు కాల్చుకుని నేర్చుకున్నదాన్ని. మీ నాన్న మాటలనుబట్టి నువ్వు పెట్టినవి రెండు వేర్వేరు ఏర్పాట్లు. ఒకటి ఫైల్ హిస్టరీ. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ గంటకొకసారి మారిన ఫైళ్లను వెతికి బయటి డిస్కులోకి చేరుస్తుంది. రెండోది వారానికొకసారి మొత్తం సిస్టమ్ ప్రతిరూపాన్ని, అంటే విండోస్‌తో సహా అంతటినీ, నకలు తీసేది. కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ దాన్ని విండోస్ 7 పేరుతోనే ఉంచారు. ఈ రెండింటి జబ్బూ ఒకటి కాదు, మందూ ఒకటి కాదు.

రాత్రిపూటది ఎందుకు నడవడం లేదో నాకు ఫోన్‌లోనే అర్థమైంది. దాన్ని తెల్లవారుజామున 2 గంటలకు పెట్టావట. మీ నాన్న రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఇల్లంతా తిరిగి ఒక్కొక్క స్విచ్ బోర్డూ ఆపుకుంటూ వస్తాడు కదా! ఇది వాడి సొంత పిచ్చి కాదు. రేపల్లె దగ్గర మా ఊళ్లో నాన్నగారు పిడుగుల భయంతో వార్తలు అయిపోగానే రేడియో తీగ పీకి, మెయిన్ దించి, చీకట్లో తడుముకుంటూ మంచం ఎక్కేవారు. ఆ ఇంట్లో పెరిగినవాడు నీ కంప్యూటర్‌ను అర్ధరాత్రి మేలుకుని ఉండనిస్తాడా? కంప్యూటర్ ఆగి ఉన్న సమయానికి పెట్టిన పనిని ఆ బ్యాకప్ వదిలేసి, మళ్లీ వారం దాకా ఎదురుచూస్తుంది. కాబట్టి నాన్నతో గొడవ పడకు, వేళ మార్చు. అది మొదట్లో తానే ఆదివారం సాయంత్రం 7 గంటలు చూపిస్తుంది, అదే ఉంచితే సరిపోయేది. పనులను వేళకు నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో నువ్వు సొంతంగా పెట్టుకున్న పనులేమైనా ఉంటే, తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడిపించమనే గడి ఒకటి వాటి సెట్టింగ్స్‌లో ఉంటుంది. దానికి టిక్కు పెట్టు. ఎప్పుడైనా ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే, చార్జర్ తగిలించి ఉంటేనే మొదలుపెట్టమనే షరతు ముందే టిక్కు పెట్టి వస్తుందని కూడా గుర్తుంచుకో.

ఇక ఎర్ర గుర్తు సంగతి. తీగ గట్టిగా ఉందో లేదో చూడు. ముందువైపు యూఎస్‌బీ కాకుండా వెనకవైపు దానిలో పెట్టు. నువ్వు ముందు పెన్‌డ్రైవ్ పెట్టి తర్వాత డిస్కు పెడితే దాని డ్రైవ్ అక్షరం (ఇ, ఎఫ్ లాంటిది) మారిపోయి బ్యాకప్‌కు అది దొరక్కపోవచ్చు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి చివరి అక్షరాల్లో ఒకటి శాశ్వతంగా ఇచ్చెయ్యి. ఇవి అందరూ చెప్పేవే. కానీ డిస్కు నిండిందని వస్తోందట కాబట్టి నా అనుమానం వేరు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, రంగుల్లో, కుదించకుండా టిఫ్ ఫైలుగా దాచితే ఒక్కొక్క బొమ్మ సుమారు 26 ఎంబీ అవుతుంది. తెరిచిన డైరీ రెండు పేజీలు ఒక్క స్కాన్‌లో పట్టాయనుకున్నా, 19 డైరీలకు మూడున్నర వేల బొమ్మలు, దాదాపు 90 జీబీ. నీ డిస్కు 500 జీబీది కాబట్టి చాలా చోటుందని నువ్వు అనుకుని ఉంటావు. అయితే ఫోల్డర్లకు ముందు నంబర్లు పెట్టావని, తర్వాత సంవత్సరాలు పెట్టావని, అదీ నచ్చక తెలుగు సంవత్సరాల పేర్లు పెట్టావని మీ నాన్న మురిసిపోతూ చెప్పాడు. ఫైల్ హిస్టరీకి పేరు మారితే అది కొత్త ఫైలే. నువ్వు పేరు మార్చిన ప్రతిసారీ ఆ 90 జీబీనీ మళ్లీ మొదటి నుంచి నకలు తీసుకుంటూ పోయింది, పాతవాటినీ ఉంచుకుంది, ఎందుకంటే ఎప్పటికీ ఉంచమన్నదే దాని మొదటి సెట్టింగ్. పైగా సిస్టమ్ ప్రతిరూపానికీ ఆ డిస్కునే చూపించావు. నిండక ఏం చేస్తుంది పాపం?

అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పాత ప్రతులను శుభ్రం చేసే మీట కనిపిస్తుంది. దాన్ని నొక్కవద్దు. అది తప్పు మీట కాదు. మరో చోట మరో నకలు లేకుండా చెరిపే పని పెట్టుకోవడం నాకు భయం, అంతే. 2 టీబీ డిస్కు ఒకటి కొను, డబ్బు నేను పంపుతాను, మీ నాన్నకు చెప్పకు. నిండిన దానిపై తేదీ వ్రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టు. కొత్త దానిలో ఏర్పాటు మళ్లీ మొదలుపెట్టి, ఇక పేర్లు మార్చడం ఆపు. జరిగినదంతా కంప్యూటర్ వ్రాసుకునే లాగ్‌లో 80070070 అన్న అంకె కనిపిస్తే చోటు లేదని, 80070005 కనిపిస్తే అనుమతి లేదని అర్థం. మిగతా అంకెలు వస్తే ఫోటో తీసి నాకు పంపు.

ఇంత భయం ఎందుకని నవ్వుకుంటావేమో. నవ్వు, కానీ ఇది విను.

2008 వేసవిలో మా సెంటర్‌కు మొదటిసారి బయటి డిస్కు కొన్నాను. అప్పుడు మాది విండోస్ ఎక్స్‌పీ, అందులోనే బ్యాకప్ యుటిలిటీ ఉండేది. రోజూ రాత్రి 8 గంటలకు పనులన్నీ ఒకే పెద్ద ఫైలుగా కట్టి ఆ డిస్కులో పెట్టమని, కొత్తది పెట్టేటప్పుడు నిన్నటిదాన్ని తీసెయ్యమని చెప్పాను. మొదటి వారంలో ఒక శుభలేఖను కావాలనే చెరిపి, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకున్నాను కూడా. చక్కగా వచ్చింది. ఆ రోజు నుంచి దాని జోలికి వెళ్లలేదు. రోజూ ఎనిమిదింటికి డిస్కు మీద నీలం దీపం మినుకుమినుకుమనేది, నేను దాన్ని చూసి తృప్తిగా షట్టర్ దించేదాన్ని.

నాకు తెలియనిది ఒకటుంది. ఆ డిస్కు దుకాణం నుంచి వచ్చేటప్పుడే ఫ్యాట్ 32 అనే, ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు, డిస్కులో ఎంత చోటున్నా సరే. మొదట్లో మా పని మూడు జీబీ లోపే ఉండేది. కార్తీకంలో క్యాలెండర్ల పని వచ్చి, దేవుళ్ల పటాల స్కాన్లు చేరి, నవంబరులో ఎప్పుడో ఆ గీత దాటింది. ఆనాటి నుంచి ప్రతి రాత్రీ అది నిన్నటి మంచి నకలును తీసేసి, కొత్తదాన్ని 4 జీబీ దాకా వ్రాసి, డిస్కు నిండిపోయిందని లాగ్‌లో ఒక వాక్యం వ్రాసుకుని ఆగిపోయింది. దీపం మాత్రం ఎప్పటిలాగే వెలిగింది. మూడు నెలలు ఆ లాగ్‌ను నేను ఒక్కసారి కూడా తెరవలేదు.

మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో, ఒక పొద్దున కంప్యూటర్ లోపలి నుంచి గోడగడియారం నడిచినట్టు టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. మధ్యాహ్నానికి హార్డ్ డిస్కు పోయింది. నేను కంగారు పడలేదు, బ్యాకప్ ఉందిగా అనుకున్నాను. కొత్త డిస్కు వేయించి ఆ పెద్ద ఫైలును చదివిస్తే, ఫోల్డర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఒక్కొక్కటే వచ్చి, 'పి' దగ్గర సగంలో ఆగిపోయాయి. ప్రశ్నపత్రాలు కొన్ని వచ్చాయి. 'ఎస్'తో మొదలయ్యేవి ఒక్కటీ రాలేదు. అందులో శుభలేఖలున్నాయి, వాటిని రాత్రింబవళ్లు మళ్లీ కొట్టాను. అందులోనే ఒక శతకం ఉంది.

అది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిది. 108 పద్యాలు. చిత్తు కాగితాల మీద వ్రాసి తెచ్చారు. అచ్చుతప్పులు దిద్దడం పూర్తయ్యాక, ఇక కంప్యూటర్‌లో భద్రంగా ఉంది కదా అని ఆ కాగితాలు పారేశారట. దిద్దిన ప్రూఫులైనా ఉంటాయి కదా అంటావు. దిద్దుబాట్లు ఎక్కించాక పాత ప్రూఫులను మా వీధి చివర పల్లీల బండి అతనికి పొట్లాలు కట్టుకోవడానికి ఇవ్వడం నా అలవాటు. మాస్టారికి ఈ సంగతి చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. చెప్పాక ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. మర్నాడు సాయంత్రం వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, జ్ఞాపకం ఉన్నవి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. తొమ్మిది సాయంత్రాలు చెప్పారు, నేను కొట్టాను. 97 పద్యాలు వచ్చాయి. ఒక్కోచోట రెండు పాదాలు చెప్పి, మూడో పాదం కోసం వేళ్లతో మోకాలి మీద గణాలు లెక్కపెట్టుకుంటూ చాలాసేపు ఆగిపోయేవారు. తక్కిన పదకొండూ కొత్తగా వ్రాసి తెచ్చి, పాతవాటికంటే ఇవే బాగున్నాయమ్మా అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి నీ కొత్త డిస్కు ఇంటికి రాగానే ప్రాపర్టీస్‌లో చూడు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉండాలి, ఆ పద్ధతికి 4 జీబీ హద్దు లేదు. ఫ్యాట్ 32 అని ఉంటే, ఖాళీగా ఉన్నప్పుడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి ఫార్మాట్ చేసుకో.

ఆకుపచ్చ గుర్తు వచ్చినా నమ్మకు. నాకు ఎర్ర గుర్తుకంటే అదే ఎక్కువ భయం. నెలకొకసారి బయటి డిస్కును మీ కంప్యూటర్‌లో కాకుండా ఇంకెవరి దానిలోనైనా పెట్టి, ఫైల్ హిస్టరీ ఫోల్డర్‌లోకి వెళ్లి, 1977 నవంబరు 19 నాటి పేజీని తెరువు. దివిసీమ ఉప్పెన రోజు అది. నాన్నగారు ఆ పేజీలో పెన్సిలుతో రెండే మాటలు వ్రాశారు: "గాలి. పశువులను విప్పేశాము." ఆ పెన్సిలు రాత పెద్దది చేసి చూసినా చదవడానికి వీలుగా ఉంటేనే నీ బ్యాకప్ పనిచేసినట్టు లెక్క. ఫైలు పేరు చివర తేదీ, సమయం చేర్చి ఉంటాయి. అవి మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉంటాయి, అర్ధరాత్రి ఎవరు తీశారని హడలిపోకు. స్కాన్లన్నీ పిక్చర్స్‌లో ఉన్నాయో, డి డ్రైవ్‌లో ఎక్కడో విడిగా ఉన్నాయో కూడా చూసుకో. విడిగా ఉంటే ఆ ఫోల్డర్‌ను నువ్వే జాబితాలో చేర్చాలి, అది తనంతట తాను పట్టించుకోదు.

మన వంశవృక్షం నేను పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టి ఇచ్చాను కదా. ఆ ఫైలు ఒక్కటే దాచితే సరిపోదు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ముత్తాతగారి పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల గుర్తుల మూటలా కనిపిస్తుంది. ఫాంట్లను పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టు, ఒక పీడీఎఫ్ తీసిపెట్టు, తీరిక చేసుకుని, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చు. అన్నట్టు, మీది విండోస్ 10 అయితే 2025 అక్టోబరు 14తో దాని మామూలు మద్దతు ముగిసింది. ఆ సంగతి వేరే చూసుకోవాలి.

గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టేస్తే పోదా అని మీ నాన్న అడిగాడు. పెట్టండి, మంచిదే. కానీ ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయే పద్ధతి అది. వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంచుతారు, అంతే. డైరీలో ఒక పేజీ పోయిందని మనకు తెలిసేది 30 రోజుల్లోనా, ముప్పై ఏళ్లకా?

ఇంకొకటి చెబితే కోపం తెచ్చుకోకు. మీ నాన్న పంపిన ఫోటోలో డిస్కు సీపీయూ నెత్తిన అంచున ఉంది, తీగ కిందికి వేలాడుతోంది, పక్కనే టీ గ్లాసు. అంత చదువుకున్నదానివి, ఆ గ్లాసు అక్కడ పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి? డిస్కును బల్ల మీద, గోడవైపు పెట్టు. తీసేటప్పుడు సేఫ్లీ రిమూవ్ నొక్కి తియ్యి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఎండాకాలం రాకముందే మార్పించు. వారంలో ఒకరోజైనా డిస్కును కంప్యూటర్ నుంచి విప్పి ఉంచు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వస్తే, తగిలించి ఉన్న డిస్కునూ వదలదు.

మూడు నకళ్లు ఉండాలి, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలంటారు. ఆ ఒకటీ నా దగ్గర ఉంచు. దసరాకు వచ్చేటప్పుడు అన్నీ ఇంకో డిస్కులోకి నకలు చేసుకుని తీసుకురా. బస్సు డిక్కీలో వెయ్యకు, చేతిసంచిలో చీర మడతల మధ్య పెట్టుకో. ఇక్కడికి రాగానే నా కంప్యూటర్‌లో పెట్టి 1977 తెరుద్దాం. చదవగలిగితే ఆ డిస్కును నా బీరువాలో పెడతాను, లేకపోతే మళ్లీ నకలు చేసి తెచ్చేదాకా నీకు బొబ్బట్లు లేవు.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య