యాంటీవైరస్ కంటే ముందు మీ యూనివర్సిటీ మెయిల్ చూసుకోండి

పీహెచ్‌డీలో కొత్తగా చేరాను, ల్యాబ్‌లో నలుగురికీ ఒకటే సిస్టమ్, సొంత ల్యాప్‌టాప్ కూడా ఉంది, ఏ యాంటీవైరస్ మంచిది అని అడిగారు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు చూసుకోవాల్సింది మీ యూనివర్సిటీ మెయిల్. నా రెండో ఏడాదిలో నా మెయిల్ వేరేవాళ్ల చేతికి పోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పేపర్ పంపాల్సిన చివరి రోజు. ‘మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఈ రాత్రిలోగా లాగిన్ అవ్వకపోతే ఆగిపోతుంది’ అని ఒక మెయిల్ వచ్చింది. లింక్ నొక్కితే రోజూ చూసే లాగిన్ పేజీయే. పాస్‌వర్డ్ కొట్టాను, తప్పు అంది. మళ్లీ కొడితే ఈసారి అసలు సైట్‌కే తీసుకెళ్లింది. ఇక అనుమానం ఎందుకొస్తుంది? తర్వాత చూస్తే అడ్రస్‌లో మా యూనివర్సిటీ పేరు ఉన్నమాట నిజమే, కానీ దాని పక్కన చుక్క పెట్టి ఇంకేదో డొమైన్ ఉంది. అడ్రస్ మొదట్లో ఏ పేరుందో కాదు, డొమైన్ ముగిసి మొదటి ఒంటి స్లాష్ వచ్చేచోట, దానికి సరిగ్గా ముందు ఏముందో చూడాలి.

మర్నాడు పొద్దున్నే మా గైడ్ ఫోన్ చేశారు. “అమ్మా, నువ్వు పంపిన ఫైలు తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏమిటది?” అన్నారు. నేనేమీ పంపలేదు. నా పేరుతో ఆ రాత్రే అందరికీ మెయిళ్లు వెళ్లిపోయాయి.

వెంటనే పాస్‌వర్డ్ మార్చి, గండం గడిచింది అనుకున్నాను. గడవలేదు. పది రోజులైనా నాకు రావాల్సిన కొన్ని జవాబులు రాకపోతే, కంప్యూటర్ సెంటర్‌లో ఒకాయన నా మెయిల్ సెట్టింగులు తెరిచి చూపించారు. నాకొచ్చే ప్రతి మెయిలూ తెలియని అడ్రస్‌కు ఫార్వర్డ్ అవుతోంది. పైగా ‘పాస్‌వర్డ్’ అనే మాట ఉన్నవి నేరుగా ట్రాష్‌లోకి పోయేలా ఆ దొంగలు ఒక ఫిల్టర్ పెట్టారు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఇవి పోవు. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోన్ నంబర్, మన ఖాతాకు అనుమతి ఉన్న యాప్‌లు, లాగిన్ అయి ఉన్న పరికరాలు, అన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. మీరు ఈరోజే ఒకసారి చూడండి, ఐదు నిమిషాల పని.

తర్వాత రెండంచెల లాగిన్ పెట్టుకోండి, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేది. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ నయం, పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మన ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి) ఇంకా నయం. దొంగ పేజీలో మనం కొట్టిన ఓటీపీని వాళ్లు అప్పటికప్పుడే అసలు సైట్‌లో వాడేయగలరు. పాస్‌కీ అసలు డొమైన్‌లో తప్ప పనిచేయదు. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌తోనూ ఇలాంటి లాభమే ఉంది: ఎప్పుడూ తనే నింపేది ఈసారి నింపకపోతే, అక్కడే ఆగి అడ్రస్ చూడండి.

ల్యాబ్ సిస్టమ్‌లో బ్రౌజర్ ‘పాస్‌వర్డ్ సేవ్ చేయనా’ అంటే వద్దనండి. టీకి వెళ్లేటప్పుడు కూడా విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి లాక్ చేయండి. ఇక స్టాఫ్‌లో ఉన్నవారికి ఒక మాట. మార్కులు ఎక్కించమని స్కాలర్లకు మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు మార్చారో తేల్చడం ఎవరి వల్లా కాదు.

బ్యాకప్ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అంటారు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బు అడిగే వైరస్) మీ ఫైళ్లకు తాళం వేస్తే, ఆ తాళం వేసిన ఫైళ్లే సింక్ అవుతాయి. పాత వెర్షన్లు దాచే సౌకర్యం ఉంటే సరే, లేకపోతే అంతే సంగతులు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 2019 అక్టోబరులో ఎవరో ఒక మెయిల్ లింక్ నొక్కారు. దాడిచేసినవాళ్లు రెండు నెలలు చప్పుడు లేకుండా లోపలే తిరిగి, డిసెంబరు 23న 267 సర్వర్లకు తాళం వేశారు. కొన్ని బ్యాకప్‌లూ అందులోనే పోయాయి. చివరికి యూనివర్సిటీ వాళ్లకు 30 బిట్‌కాయిన్లు కట్టింది. కాబట్టి థీసిస్, డేటా ఒక కాపీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టి, పని కాగానే దాన్ని ఊడదీసి వేరేచోట ఉంచండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.

యాంటీవైరస్ అంటారా, విండోస్‌తో వచ్చేదే చాలు, అప్‌డేట్లు ఆపకపోతే. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మందు, అంటే అప్‌డేట్, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మాత్రం ముట్టుకోకండి. దాన్ని ఎక్కించాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు, ఎందుకో ఆలోచించండి.

ఎప్పుడైనా పొరపాటున లింక్ నొక్కితే ఆ క్షణమే కంప్యూటర్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నేను సిగ్గుపడి, టెన్షన్‌తో మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. ఆలోపే నా పేరు చూసి నమ్మిన ఇద్దరు జూనియర్లు అదే పేజీలో తమ పాస్‌వర్డ్‌లు కొట్టేశారు.