85వ ప్రశ్నకే కంప్యూటర్ ఆగిపోయింది, అక్కా

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, బ్రాడీపేట. బీఎస్సీ నర్సింగ్ చదివి కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేశాను. పెళ్లయి డాలస్ వచ్చి ఏడాది దాటింది. మొన్న శుక్రవారం పొద్దున, అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష రాశాను. 85 ప్రశ్నలకే స్క్రీన్ ఆగిపోయింది. కారెక్కాక ఏడుపు ఆపుకోలేకపోయాను. సగానికి సగం తప్పులే రాశాననిపిస్తోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఫ్రెండ్సేమో మళ్లీ రిజిస్టర్ చేసి చూడు, కార్డులో డబ్బులు కట్ కాకపోతే పాసైనట్టే అంటున్నారు. చెయ్యమంటారా? అమ్మ, అత్తయ్యగారు రోజూ ఫోన్ చేసి ఏమైంది అంటున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం నేను హ్యూస్టన్‌లో కాదు, విజయవాడలో చదివాను. సెలవు పెట్టి పటమటలో అమ్మ దగ్గరికి వచ్చాను. చదువుతుంటే కాసేపు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. 2011లో నేనూ ఈ ఇంట్లోనే, ఈ వరండాలోనే నీలాగే కూర్చున్నాను.

ముందు ఆ రిజిస్ట్రేషన్ సంగతి. చెయ్యకు. పాసైనవాళ్లని సైటు మళ్లీ రిజిస్టర్ కానివ్వదు, ఫెయిలైనవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటుంది అని ఎవరో కనిపెట్టారట. అప్పటినుంచీ అదొక చిట్కాలా తిరుగుతోంది. మా రోజుల్లోనూ ఉంది. ఆ సైటు డబ్బు కట్టించుకోవడానికి పెట్టింది, ఫలితం చెప్పడానికి కాదు. పరీక్ష పెట్టే ఎన్‌సీఎస్‌బీఎన్ కూడా దాన్ని నమ్మొద్దనే చెబుతుంది. డబ్బు కట్ కాలేదని సంబరపడి తర్వాత ఏడ్చినవాళ్లని నేను చూశాను. కట్ అయిందంటే మాత్రం 200 డాలర్లు పోయినట్టే, వెనక్కి ఇవ్వరు. ఆ పూటకి నీ గుండె కూడా ఆగినంత పనవుతుంది. ఇంతా చేసి నీకు తెలిసేది ఏమీ ఉండదు.

ఇక సగం తప్పులు రాశానన్న బాధ. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనం మార్కుల్లో పుట్టి మార్కుల్లో పెరిగినవాళ్లం. యూనివర్సిటీ పరీక్ష రాసి బయటికొస్తూనే ఎన్ని రాశాం, ఎన్ని వదిలేశాం, ఫస్ట్ క్లాస్ వస్తుందా రాదా అని మెట్ల మీదే లెక్క తేల్చేసేవాళ్లం. ఈ పరీక్షకి ఆ లెక్క పనికిరాదు. నువ్వు ఒకటి సరిగ్గా రాస్తే కంప్యూటర్ తర్వాత కాస్త కష్టమైంది ఇస్తుంది. తప్పు రాస్తే కాస్త తేలికైంది ఇస్తుంది. నీకు వచ్చే అవకాశం సగం, రాని అవకాశం సగం ఉన్న ప్రశ్న ఎక్కడుందా అని అది వెతుకుతూ ఉంటుంది. మా ఐసీయూలో అందరికంటే తెలివైన అమ్మాయి రాసినా, ఆ అమ్మాయికి సగం తప్పులు రాశాననే అనిపిస్తుంది. ప్రశ్నలు ఆమె స్థాయికి పెరుగుతాయి కాబట్టి. అంటే నీ మనసుకి అనిపిస్తున్నది నిజమే కావచ్చు, దానికీ ఫలితానికీ మాత్రం సంబంధం లేదు.

పైగా ఆ 85లో 15 ప్రశ్నలు అసలు లెక్కలోకే రావు. ముందు ముందు పరీక్షల్లో వాడొచ్చా లేదా అని మన మీద పరీక్షించి చూసుకునేవి అవి. ఏవో మనకు చెప్పరు. నువ్వు తలుచుకుని తలుచుకుని ఏడుస్తున్న ఆ ఒక్క ప్రశ్న వాటిలోదే అయ్యుండొచ్చు. 'వర్తించేవన్నీ గుర్తించండి' రకం ప్రశ్నలకి కూడా 2023 ఏప్రిల్ నుంచి కొంత సరిగ్గా రాస్తే కొంత మార్కు ఇస్తున్నారు. మాకు ఆ భాగ్యం లేదు. ఒక్క గడి తప్పితే మొత్తం పోయేది.

85కి ఆగడం మంచిదా చెడ్డదా అంటావా? అది ఆగిందంటే నువ్వు పాస్ గీతకి పైన ఉన్నావనో, కింద ఉన్నావనో దానికి 95 శాతం నమ్మకం కుదిరింది. అంతవరకే. పైనా కిందా అన్నది ఆ అంకెలో లేదు. గీత మీదే ఊగుతున్నవాళ్లకి 150 దాకా వెళ్తుంది.

ఈ అంకె మీద నమ్మకంతో నేను పడ్డ పరువు తక్కువ నీకు చెప్పాలి. అప్పట్లో తక్కువలో తక్కువ 75, ఎక్కువలో ఎక్కువ 265 ప్రశ్నలు, ఆరు గంటలు. నేను కోచింగ్ తీసుకున్నచోట సారు "75కి ఆగిందంటే కళ్లు మూసుకుని పాసే" అనేవాడు. హైదరాబాద్‌లో రాశాను. సరిగ్గా 75కి ఆగింది. సాయంత్రం సికింద్రాబాద్‌లో శాతవాహన ఎక్కానో లేదో అమ్మకి ఫోన్ చేసి అయిపోయిందమ్మా, పాసే అన్నాను. రైలు ఖమ్మం దాటేసరికి మా అపార్ట్‌మెంట్‌లో సగం మందికి తెలిసిపోయింది. నేను ఇల్లు చేరేసరికి బందరు లడ్డు డబ్బా తెరిచి ఉంది. మూడో రోజు రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్‌లో చూసుకుంటే ఫెయిల్. ఆ కుర్రాడు ప్రింట్ తియ్యమంటారా మేడమ్ అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

రిజిస్ట్రేషన్ ఫీజు 200 డాలర్లు. అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150. అప్పటి రేటుకి 16 వేల రూపాయల పైమాటే. సూర్యారావుపేటలో నర్సింగ్ హోమ్‌లో నా జీతానికి దాదాపు రెండింతలు. గొలుసు తాకట్టు పెట్టి కట్టాను. రెండోసారికి ఆ గొలుసూ లేదు, అప్పు చెయ్యాల్సి వచ్చింది. రెండోసారి నూట తొంభై దాటినా ఆగలేదు. బయటికి వచ్చాక నాకు ఏడుపు కాదు, ఆకలి వేసింది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. పాసయ్యాను.

ఇప్పుడు నీ ఫలితం ఎప్పుడు వస్తుందో చూద్దాం. పరీక్ష అయ్యాక రెండు పని దినాలకి పరీక్ష జరిపించే కంపెనీ పియర్సన్ వ్యూ సైటులో క్విక్ రిజల్ట్స్ చూసుకోవచ్చు, 7.95 డాలర్లు. శనాదివారాలు లెక్కలో లేవు కాబట్టి నీకు మంగళవారం. మధ్యలో ప్రభుత్వ సెలవొస్తే ఇంకో రోజు. అన్ని స్టేట్లూ దీనికి ఒప్పుకోలేదు. మీ స్టేట్ ఉంటే నీ అకౌంట్‌లోనే కనిపిస్తుంది. ఆ ఫలితం అనధికారికమే, దాంతో ఉద్యోగం చెయ్యకూడదు. అసలుది మీ స్టేట్ నర్సింగ్ బోర్డు ఇస్తుంది, దానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. చాలామందికి ఈలోపే బోర్డు వెబ్‌సైటులో పేరు కొడితే లైసెన్స్ నంబరు కనిపిస్తుంది. ఇక్కడ మన తెలుగువాళ్ల తిప్పలు వేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో, పెళ్లయ్యాక ఏం మారిందో, కొందరికి ఇంటిపేరు గడే ఖాళీ. పరీక్షకి వచ్చిన పర్మిట్‌లో నీ పేరు ఏ వరుసలో ఉందో అదే వరుసలో కొట్టి చూడు. ఊరికే ఇంట్లో పిలిచే పేరు కొట్టి, లేదని గుండెలు బాదుకోకు. నా స్నేహితురాలు ఒకరోజంతా అదే చేసింది, లైసెన్స్ మాత్రం ముందురోజే వచ్చేసి ఉంది.

నీ పరీక్ష గురించి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఏ ప్రశ్నలొచ్చాయి అని అడిగితే జవాబివ్వకు. మొదట్లో స్క్రీన్ మీద ఒప్పుకుంటున్నాను అని నొక్కావు కదా, అది ప్రశ్నలు బయటపెట్టనని ఇచ్చిన మాట. తప్పితే ఫలితమే రద్దు చెయ్యొచ్చు. అంతేకాదు, నాలుగో ప్రశ్నకి నువ్వు రెండోది పెట్టావా మూడోది పెట్టావా అని మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది.

ఫోన్ల సంగతి. చూడు, నీకు రాత్రి పదయ్యేసరికి గుంటూరులో మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. అత్తయ్యగారు కాఫీ తాగి, పక్కింటావిడతో మాట్లాడి, ఆ ప్రశ్న మోసుకుని నీకు ఫోన్ చేస్తారు. నువ్వు ఆ ప్రశ్న తలకింద పెట్టుకుని పడుకుంటావు. నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? వాళ్లది ప్రేమే. మా అమ్మ రెండోసారి పరీక్షకి నాకు చెప్పకుండా గుణదల మేరీమాతకీ, కొండమీద అమ్మవారికీ ఇద్దరికీ మొక్కుకుంది. ఎవరు తీర్చారో తెలియక రెండుచోట్లా చెల్లించింది. కానీ ప్రేమైనా సరే, మంగళవారం దాకా పక్కన పెట్టించు. నువ్వు కాదు, మీ ఆయన చెప్పాలి. "అధికారికంగా ఆరు వారాలు పట్టొచ్చంట, రాగానే మేమే చెప్తాం" అనమను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన చెబితే అత్తయ్యగారు వింటారు. నువ్వు చెబితే భయపడుతున్నావనుకుంటారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీకు ఏ వీసా ఉందో రాయలేదు. హెచ్4, అంటే హెచ్1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకి ఇచ్చే వీసా అయితే, పాసైన మర్నాడే ఆసుపత్రికి వెళ్లి చేరిపోవడం కుదరదు. పని అనుమతి కార్డు ఉండాలి. అది మీ ఆయనకి ఐ140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, ఆమోదం వచ్చి ఉంటేనో, మరికొన్ని సందర్భాల్లోనో ఇస్తారు. నేను లైసెన్స్ చేతిలో పెట్టుకుని 2015 మే నెలలో ఆ రూలు వచ్చేదాకా మూడేళ్లు హ్యూస్టన్‌లో ఇంట్లో కూర్చున్నాను. లైసెన్స్ రెన్యువల్‌కి మాత్రం డబ్బు కడుతూనే ఉన్నాను. ఇది ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, పాసైతే వెంటనే జీతం అని మీ ఇంట్లో ఎవరైనా లెక్కలు వేస్తుంటే ఆ లెక్క కూడా నీ నెత్తి మీదే ఉంటుంది. ఒకసారి కాగితాలు చూసుకోండి.

సరే, ఫెయిలైతే? అడగలేదు గాని రెండు రాత్రులుగా నువ్వు ఆలోచిస్తున్నది అదే. 45 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. బోర్డునుంచి ఒక రిపోర్టు వస్తుంది. ఎనిమిది విభాగాల్లో నువ్వు గీతకి పైన ఉన్నావా, దగ్గర్లో ఉన్నావా, కింద ఉన్నావా అని అందులో ఉంటుంది. చాలామంది బాధతో దాన్ని చించేస్తారు. నేను కూడా మూడు రోజులు కవరు తెరవలేదు. తెరిచాక చూస్తే మందుల దగ్గర, జబ్బుల దగ్గర అంతా పైనే. 'మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్' దగ్గర కింద.

ఆలోచిస్తే అర్థమైంది. రాత్రి డ్యూటీలో ముప్ఫై మంచాలకి నేనొక్కదాన్ని, తోడు ఒక ఆయా. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో డ్యూటీ డాక్టరు చెబితే వెళ్లడమే. ఈ పరీక్ష నలుగురు రోగుల్ని చూపించి ముందు ఎవరిని చూస్తావు, ఎవరిని ఎల్‌పీఎన్‌కి, అంటే మనకంటే కింది స్థాయి లైసెన్స్ ఉన్న నర్సుకి, అప్పజెబుతావు, స్నానం ఎవరితో చేయిస్తావు అని అడుగుతుంది. నేను ప్రతిదానికీ డాక్టరుకి ఫోన్ చేస్తాను అన్న జవాబే పెట్టాను! డాక్టరుకి చెప్పేలోపు నర్సుగా నువ్వేం చేశావు అన్నదే వాళ్లకి కావాలి. ముందు రోగిని చూడు, తల ఎత్తి పెట్టు, ఆక్సిజన్ పెట్టు, అప్పుడు ఫోన్. ఆ 45 రోజులూ నేను మందుల పుస్తకం ముట్టుకోలేదు. రోజుకి యాభై, అరవై ప్రశ్నలు, అన్నీ ఎవరు ముందు, ఎవరికి అప్పజెప్పాలి అన్నవే. నీకూ కొత్తపేట అనుభవమే కాబట్టి, ఒకవేళ అవసరమైతే ముందు ఆ పేజీ చూడు.

మంగళవారం దాటాక కూడా, ఫలితం ఏదైనా సరే, నిద్ర ఇలాగే పట్టకపోతే డాక్టరుకి చెప్పు. పేషెంట్లకి వంద సార్లు చెప్పే ఈ మాట మన దాకా వచ్చేసరికి వినం.

నీకు మంగళవారం మధ్యాహ్నం అంటే ఇక్కడ రాత్రి పదకొండు దాటుతుంది. నేను మేలుకునే ఉంటాను, ఏదొచ్చినా ఒక ముక్క రాయి. నీ ఉత్తరం చదివి వినిపించిన దగ్గర్నుంచీ మా అమ్మ కూడా గంటకోసారి ఆ గుంటూరు పిల్ల సంగతి ఏమైందే అంటోంది. ఆరు వారాలు పడుతుందని చెప్పాను.