చేతిగడియారానికి యాప్ రాయబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

పెద్దవాళ్లకు మాత్రల వేళ గుర్తుచేసే స్మార్ట్‌వాచ్ యాప్ తయారుచేయాలని నువ్వు మూడు నెలలు సెలవు పెట్టావని నిన్న రాత్రి అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. సంతోషమూ దిగులూ కలిసి నిద్ర పట్టలేదు. జీతం లేని సెలవు పెట్టేముందు నాతో ఒక్క మాటైనా అనకపోవడం నాకు నచ్చలేదు.

మొదటి మెట్లు నీకు కష్టం కావు. నీకు కోట్లిన్ ప్రోగ్రామింగ్ భాష వచ్చు కనుక, స్మార్ట్‌వాచ్‌లను నడిపే గూగుల్ సిస్టమ్ వేర్ ఓఎస్‌తో మొదలుపెట్టు. యాప్ తెరలను కట్టడానికి, 2022లో స్థిరరూపం పొందిన కంపోజ్ ఫర్ వేర్ ఓఎస్ అనే సాధనం వాడు. కంప్యూటర్ మీదే గడియారాన్ని అనుకరించి చూపే ఎమ్యులేటర్‌లో గుండ్రని తెరనే ఎంచుకో, అంచుల్లో అక్షరాలు తెగిపోతే అక్కడే తెలుస్తుంది.

నా భయమంతా బ్యాటరీ గురించే. గెలాక్సీ వాచ్ 4 చిన్న మోడల్ బ్యాటరీ 247 ఎంఏహెచ్. ఫోన్‌ది 5,000 అనుకుంటే ఇది అందులో ఇరవయ్యో వంతు. ఈ లెక్క తెలిసి కూడా నేను తప్పు చేశాను. మీ తాతయ్య కోసం రాసిన మొదటి యాప్‌లో, గుండె వేగం కూడా చూపిస్తే బాగుంటుందన్న ఉబలాటంతో, సెన్సర్‌ను ఆపకుండా నడిపి, గడియారం నిద్రపోకుండా వేక్ లాక్ పట్టి ఉంచాను. నా బల్ల మీద అది చక్కగా పనిచేసింది, ఎందుకంటే పరీక్షించినన్నాళ్లూ గడియారం ఛార్జర్ మీదే ఉంది. తాతయ్య చేతికి పెట్టాక మధ్యాహ్నం మూడింటికే ఆరిపోయేది. గడియారం చెబుతుందన్న ధీమాతో ఆయన క్యాలెండరులో టిక్కులు పెట్టుకోవడం అప్పటికే మానేశారు. ఐదో రోజు నేను వెళ్లి మాత్రల డబ్బా తెరిస్తే నాలుగు రాత్రుల గళ్లలో షుగరు మాత్రలు అలాగే ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఛార్జింగ్ సరిగ్గా పెట్టడం నాకే చేతకాలేదురా, నీ కష్టమంతా పాడుచేశాను" అన్నారు. కీ ఇచ్చే హెచ్.ఎం.టి. వాచీని ఏళ్ల తరబడి ఒక్కరోజూ ఆగనివ్వని మనిషి, నా కోడ్ వల్ల తనను తాను తప్పుపట్టుకున్నారు.

అందుకని గుండె వేగం నీ యాప్‌కు నిజంగా అవసరమా అని ముందు ఆలోచించు. అవసరమైతే సెన్సర్‌ను నేరుగా పట్టుకోకుండా, కొలతలను పోగుచేసి అందించే వేర్ ఓఎస్ సేవ, హెల్త్ సర్వీసెస్ ద్వారా తీసుకో. మాత్ర వేళ కోసం యాప్‌ను మేల్కొని ఉండనివ్వకు, ఆ పని సిస్టమ్ అలారానికి అప్పగించు. మాత్ర వేసుకున్నట్టు గడియారం నుంచి కబురు రాకపోతే ఫోన్ మోగాలి, ఈ ఒక్కటీ మరిచిపోకు తల్లీ.

మొదటి నమూనా సిద్ధమవగానే నాకు పంపు. తెల్లవారి ఐదింటికి ఛార్జర్ నుంచి తీసి, రాత్రి పడుకునేదాకా చేతికి ఉంచుకుని, గంట గంటకూ ఎంత ఛార్జి మిగిలిందో రాసి పంపుతాను.

మీ బాబాయి