నీరంటని నానోఫైబర్లు: బీఎస్సీ తర్వాత ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. హానికర ద్రావకాలు లేకుండా, నీరంటని పాలిమర్ నానోఫైబర్ల తయారీపై పరిశోధన చేస్తానంటోంది. ఎంఎస్సీ నానోటెక్నాలజీలో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ‘నానో’ అన్న పేరు చూసి చేర్పించకండి. ఫైబర్ తీసే యంత్రం త్వరగానే చేతికొస్తుంది. కష్టమంతా పాలిమర్ ద్రావణం దగ్గరే. అందుకే ఎంఎస్సీ కెమిస్ట్రీయే మేలు. ఐఐటీ హైదరాబాద్‌కు జామ్, హెచ్‌సీయూకు సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ ప్రవేశ పరీక్షలు రాయాలి.

ఈలోపు ఎలక్ట్రోస్పిన్నింగ్ (సూదిలోంచి వచ్చే పాలిమర్ ద్రావణాన్ని అధిక వోల్టేజీతో సన్నని ఫైబర్లుగా లాగే పద్ధతి) జరిగే ల్యాబ్‌లో వేసవి ప్రాజెక్టు అడగమనండి. నీరంటని పాలిమర్ అయిన పీవీడీఎఫ్‌ను మామూలుగా డీఎంఎఫ్ అనే ద్రావకంలో కరిగిస్తారు. అది సంతానోత్పత్తికి చేటు కాబట్టి యూరప్‌లో 2023 డిసెంబరు నుంచి ఆంక్షలున్నాయి. బదులుగా డీఎంఎస్ఓ, అసిటోన్ అనే ద్రావకాలు సగం సగంతో మొదలుపెట్టొచ్చు. 10 గ్రాముల ద్రావణానికి 1.5 నుంచి 2 గ్రాముల పీవీడీఎఫ్ పౌడర్ చాలు. ముందు డీఎంఎస్ఓలో 60 డిగ్రీల దగ్గర కరిగించి, చల్లారాకే అసిటోన్ పోయాలి. అది 56 డిగ్రీలకే మరుగుతుంది, వేడి మీద పోస్తే ఆవిరై లెక్క తప్పుతుంది. సూదికీ, ఫైబర్లు వచ్చి పడే పలకకూ (కలెక్టర్) మధ్య 15 సెంటీమీటర్లు, 15 కిలోవోల్టులు, గంటకు 1 మిల్లీలీటరు ద్రావణం వచ్చేలా పెట్టి చూడాలి.

అసిటోన్ ఎక్కువైతే సూది మొన పూడుకుపోతుంది. డీఎంఎస్ఓ 189 డిగ్రీలకు గానీ మరగదు. అది ఎక్కువైతే ఫైబర్లు తడిగా పడి అతుక్కుంటాయి. పాలిమర్ తక్కువైతే ఫైబర్లు పూసలు కడతాయి. తమాషా ఏమిటంటే, ఆ పూసల గరుకుదనంతో కాంటాక్ట్ యాంగిల్ (పొరపై నీటిబొట్టు నిలిచే కోణం; ఎక్కువైతే నీరు అంటనట్టు) పెరిగి ఫలితం బాగున్నట్టే ఉంటుంది, పొర మాత్రం ఇట్టే చిరుగుతుంది. ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటో లేకుండా యాంగిల్ ఒక్కటే చూపిస్తే ఇంటర్వ్యూలో నిలబడదు. జులైలో మన గాలి తేమ ఇంకో తలనొప్పి: నీరు తగిలితే పీవీడీఎఫ్ ద్రావణంలోంచి విడిపోతుంది, అందుకే రోజూ తేమ శాతం రాసుకోవాలి. పొరలో డీఎంఎస్ఓ మిగిలినా కొలత తప్పుతుంది. వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టాకే కొలవాలి. అన్నట్టు, డీఎంఎస్ఓ చర్మంలోకి దూరుతూ తనలో కరిగినవాటినీ లోపలికి తీసుకెళ్తుంది. పర్యావరణహితమని గ్లవ్స్ మానేయొద్దని చెప్పండి.

పీవీడీఎఫ్‌లో ఫ్లోరిన్ ఉంది, ఫ్లోరిన్ సమ్మేళనాలపైనా ఆంక్షలు పెట్టాలని యూరప్ చూస్తోంది. పీహెచ్‌డీకి పాలీస్టైరీన్ లాంటి ఫ్లోరిన్ లేని పాలిమర్లపై పనిచేసే గైడ్‌ను వెతకడం తెలివైన పని. ఒట్టి ఎంఎస్సీతో ఈ పనిలో ఉద్యోగాలు తక్కువ. అందుకే పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇచ్చే సీఎస్ఐఆర్ నెట్ జేఆర్ఎఫ్ పరీక్షకు ఎంఎస్సీ మొదటి ఏడాది నుంచే చదవాలి.