మాల తీసిన వారానికే మళ్లీ మందు.. మీటింగ్‌కి వెళితే మానగలనా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ప్రొద్దుటూరులో బట్టల షాపు ఉంది. పదేళ్లకు పైగా మందు అలవాటు. ఇప్పుడు రోజుకు రెండు క్వార్టర్లు పడాల్సిందే. పొద్దున లేస్తూనే చేతులు వణుకుతాయి, కాస్త వేసుకుంటే గానీ షట్టర్ తాళం తీయలేను. రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులూ చుక్క ముట్టలేదు. మాల తీశాక వారం తిరక్కుండానే మొదలుపెట్టాను. పోయినేడు డీఅడిక్షన్ సెంటర్లో మూడు వారాలు ఉండి వచ్చాను. నాలుగు నెలలు బాగానే గడిచాయి, తర్వాత మళ్లీ మామూలే. అక్కడి డాక్టరు ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు వెళ్లమన్నారు. అక్కడ ఏం చేస్తారు? ఊళ్లో నలుగురికీ తెలిసినవాణ్ని, ఎవరైనా చూస్తే పరువు పోతుంది. చర్చి హాల్లో పెడతారని, మతం మార్చేస్తారని ఒకాయన చెప్పాడు. మందు మాన్పించే పొడి ఏదో ఉందట, నాకు తెలియకుండా సాంబారులో కలపమని మా ఆవిడకు ఎవరో సలహా ఇచ్చారు. ఆమె ఏడుస్తూ నాతోనే చెప్పింది. నన్నేం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు మీటింగ్ గురించి అడిగారు. దానికి వస్తాను గానీ, అంతకంటే ముందు మీ చేతుల వణుకు సంగతి చూడాలి. పొద్దున్నే వణుకు, కాస్త వేసుకుంటే తగ్గిపోవడం అంటే మీ ఒళ్లు మందు లేకుండా నడవలేని స్థితికి వచ్చిందని. ఈ స్థితిలో ఉన్నవాళ్లు ‘రేపటి నుంచి ముట్టను’ అని పట్టుబట్టి ఒక్కసారిగా ఆపేస్తే, మొదటి రోజే చెమటలు, గుండెదడ, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేనివాళ్లతో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టరు. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్లేది ఇలాంటప్పుడే. అది గాలీ కాదు, ధూళీ కాదు. ప్రాణం మీదికి తెచ్చే ఎమర్జెన్సీ. మాల వేసుకున్నప్పుడు మీకు ఏమీ కాలేదు కదా అనుకోవద్దు. అప్పటి మీ మోతాదు, ఇప్పటి మోతాదు ఒకటి కాకపోవచ్చు.

అందుకని ముందు సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. కడప రిమ్స్‌లో అయినా సరే, మీకు నమ్మకమున్న ప్రైవేటు సైకియాట్రిస్ట్ దగ్గరైనా సరే. పాత డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లండి. రోజుకు ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి, డాక్టర్లమైన మాకు సగం చెప్పడం చాలామందికి అలవాటు. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. నీరసంగా ఉందని వీధి చివర ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం మాత్రం వద్దు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది. ముందు అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఈ వారం పది రోజుల వైద్యంతో ఒంట్లోంచి మందు పోతుంది. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. మీ ఉత్తరంలో నాకు బాగా పట్టుకున్న మాట మాల సంగతే. మా ఓపీకి వచ్చేవాళ్లలో ఇది చాలా మామూలు. 41 రోజులు పట్టుదలగా ఉన్న మనిషికి ఆ పట్టుదల 42వ రోజు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. దాని చుట్టూ ఉన్నవి పోయాయి. మాలలో ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి ఇంకో నలుగురు స్వాములు మీతో లేస్తారు. సాయంత్రం షాపు కట్టే వేళకు భజనకో పడిపూజకో పిలుపు వస్తుంది. ‘రా అన్నా, ఒక్క రౌండ్’ అనే స్నేహితుడు కూడా మెడలో మాల చూసి ‘స్వామీ’ అని పక్కకు తప్పుకుంటాడు. గురుస్వామి ఒకాయన ఉంటాడు, ఇరవై ఏళ్లు వెళ్లొచ్చినవాడు, ఏ డౌటొచ్చినా అడగొచ్చు. మాల తీసేసరికి ఇవన్నీ ఒక్కరోజులో మాయం. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించాక మిగిలేది మీరు, పాత స్నేహితులు, పాత దారి.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, చేసే పని ఆ నలుగురు స్వాములను ఏడాది పొడవునా మీ చుట్టూ ఉంచడం. దీక్ష గడువంటూ లేదు. జీవితాంతం తాగనని ఒట్టు కూడా వేయించరు. ఈ ఒక్క రోజు తాగను, అంతవరకే. రేపటి సంగతి రేపు.

ఇది పుట్టిన తీరు కూడా మీకు చెప్పాలి. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊరికి బిల్ అనే ఆయన వ్యాపారం పని మీద వెళ్లాడు. మందు మానేసి కొన్ని నెలలైంది. పని చెడిపోయింది, ఊరు కొత్త, దిగిన హోటల్లోనే బార్. తాగేస్తానేమోనని భయం పట్టుకుని, తనలాంటి తాగుడు బాధితుడు ఎవరైనా ఉంటే మాట్లాడిస్తారా అని వరసగా ఫోన్లు చేశాడు. చివరికి దొరికినాయన అదే ఊరి సర్జన్, డాక్టర్ బాబ్. (అవును, డాక్టరే. ఈ జబ్బుకు చదువుతో పని లేదు.) బాబ్‌కు నీతులు చెప్పడానికి వెళ్లలేదు బిల్. తన గండం తాను గట్టెక్కడానికి వెళ్లాడు. ఇద్దరూ బయటపడ్డారు. ఆ ఏడాది జూన్ 10 తర్వాత బాబ్ మళ్లీ తాగలేదు, ఆ తేదీనే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు. మన దేశానికి ఇది 1957లో వచ్చింది.

ఇక గదిలో ఏం జరుగుతుందంటే.. గంట, గంటన్నర. కుర్చీలు, ఎక్కువచోట్ల ఒక టీ ఫ్లాస్కు. ఒకరు మొదట చిన్న ప్రవేశిక లాంటిది చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి తన సంగతి చెబుతారు. పెళ్లాం నగలు తాకట్టు పెట్టినవాడు, కూతురి నిశ్చితార్థంలో పడిపోయినవాడు, ఉద్యోగం ఊడినవాడు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలివ్వరు, అయ్యో అనరు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఈరోజు వింటాను’ అని చెప్పి ఊరుకోవచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. ఫీజు లేదు. చివర్లో సంచి ఒకటి తిరుగుతుంది, సభ్యులు తోచింది వేస్తారు, హాలు అద్దె, టీ ఖర్చు అందులోంచే. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. మందు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యత్వానికి ఇంకే షరతూ లేదు.

దీనివల్ల నిజంగా ఫలితం ఉందా అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్నే. 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా వివరాలను ఒకచోట చేర్చి చూసింది. పద్ధతి ప్రకారం ఏఏలోకి పంపించే చికిత్స తీసుకున్నవాళ్లలో అసలు ముట్టకుండా ఉన్నవారి శాతం మిగతా కౌన్సెలింగ్ పద్ధతుల కంటే మెరుగ్గా కనిపించింది. వాటిలో ఎక్కువ అమెరికా అధ్యయనాలే, ఆ మాట మరిచిపోకూడదు. వెళ్లిన ప్రతివాడూ మానేస్తాడనీ కాదు. కానీ పైసా ఖర్చు లేని పని కాబట్టి, ప్రయత్నించకుండా వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

పరువు సంగతి. ఆ గదిలో మిమ్మల్ని గుర్తుపట్టేవాడు కూడా అదే బాధతో వచ్చినవాడేనని ముందు గ్రహించండి. ఇక్కడ విన్నది, చూసింది ఇక్కడే వదిలేయాలన్నది వాళ్ల మొదటి కట్టుబాటు. ఇంటిపేరు అడగరు. ఇంకా మొహమాటంగా ఉంటే సొంత ఊరు వదిలి కడపలోనో కర్నూలులోనో మీటింగ్‌కి వెళ్లండి, సరుకు పని మీద ఎలాగూ తిరుగుతుంటారు కదా. (ఒక్క మాట చెప్పనా? పొద్దున పది గంటలకు మీ దగ్గర వచ్చే వాసన పక్క షాపువాళ్లకు ఎప్పుడో తెలుసు. ఊరంతటికీ తెలిసిన రహస్యం కోసం మందు మానే దారి వదులుకోవద్దు.)

మీటింగ్ ఎక్కడో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మీరు చేరిన డీఅడిక్షన్ సెంటర్‌కే ఫోన్ చేసి, కౌన్సెలర్ని అడగండి. చాలా సెంటర్లకు ఏఏ సభ్యులు వచ్చి మాట్లాడి వెళుతుంటారు, వాళ్ల నంబర్లు అక్కడ ఉంటాయి. ఏఏ ఇండియా వెబ్‌సైట్లో ఊళ్లవారీగా వెతకొచ్చు. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేసినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేసినా దారి చెబుతారు. టెలీ మానస్‌లో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. అడ్రసు దొరికాక నేరుగా బయల్దేరవద్దు. హాళ్లు, వేళలు మారుతుంటాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ‘కొత్తవాణ్ని, ఒక్కణ్నే రావడానికి బెరుగ్గా ఉంది’ అని చెబితే బస్టాండుకి వచ్చి తీసుకెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. షాపు కట్టేసరికి ఆలస్యమైతే జూమ్‌లో జరిగే మీటింగులున్నాయి, కెమెరా ఆపి వినొచ్చు. అయితే వారానికి ఒక్కటైనా మనుషుల మధ్య కూర్చోండి. మీకు దగ్గర్లో గ్రూపే లేకపోతే? మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే ఒక గ్రూపని వాళ్ల నియమాల్లోనే ఉంది.

చర్చి హాలు విషయం సగం నిజం. అద్దె తక్కువని, సాయంత్రాలు ఖాళీగా ఉంటుందని చాలాచోట్ల చర్చి హాళ్లలోనో స్కూలు గదుల్లోనో పెట్టుకుంటారు. అంతకుమించి ఏ మతంతోనూ సంబంధం లేదు. మందు నుంచి బయటపడడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, ‘ఎవరికి అర్థమైన రీతిలో వాళ్లకు’ అని పక్కనే ఉంటుంది. మీరు దేవుని కడప వెంకన్నకు మొక్కుకోండి, పెద్ద దర్గాకు వెళ్లండి, ఎవరినీ నమ్మకపోయినా సరే. నమ్మకం లేనివాళ్లు ఆ గుంపునే తమ బలంగా అనుకుంటారు.

ఒక్క మీటింగ్ చూసి తేల్చేయకండి. ఒక్కో గ్రూపు ఒక్కో తీరు. ఒకచోట పెద్దవాళ్ల ప్రసంగాలు ఎక్కువ, ఇంకోచోట మీ వయసు వ్యాపారస్తులు కలుస్తారు. మొదటి మూడు నెలలు వీలైనన్ని ఎక్కువ మీటింగులకు వెళ్లండి, అందులో మాట నచ్చిన పాత సభ్యుడొకరిని స్పాన్సర్‌గా, అంటే మీకు దారి చూపే తోడుగా, ఉండమని అడగండి. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించుతూ మీరు ఫోన్ చేయాల్సింది ఆయనకే. ఒక జాగ్రత్త: అక్కడ ఎవరైనా ‘మాత్రలెందుకు, అవీ మత్తే’ అంటే వినొద్దు. సభ్యులు వైద్యం చేయకూడదని ఏఏనే చెబుతుంది. కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మాత్రలు మీకు పనికొస్తాయా లేదా అన్నది లివర్ పరీక్షలు చూసి డాక్టరు చెప్పాలి.

ఇక ఆ పొడి. మీ ఆవిడ మీతో చెప్పడం మీ అదృష్టం. అలా అమ్మే పొడుల్లో కొన్నిసార్లు డైసల్ఫిరామ్ అనే ఔషధం కలిపి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె జబ్బు ఉంటే చావు కూడా రావచ్చు. ఆపేశాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఇదే డైసల్ఫిరామ్‌ను తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో, రోజూ భార్య చేతి మీదుగా వేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లలో కొందరికి బాగా పనిచేస్తుంది. దొంగతనంగా కలపడం వేరు. మీ ఆవిడను కూడా ఒకసారి ఓపీకి తీసుకెళ్లండి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-ఆనాన్ అని విడిగా మీటింగులున్నాయి, 1951 నుంచీ నడుస్తున్నాయి. అవి అందుబాటులో లేకపోతే ఏఏ ఓపెన్ మీటింగులకు మీతోపాటు ఆమె కూడా రావచ్చు. క్లోజ్డ్ మీటింగులకు మాత్రం తాగుడు సమస్య ఉన్నవాళ్లే వెళ్లాలి. ఇంటికి రాగానే నోరు వాసన చూడడం, బీరువా వెనక సీసాలు వెతకడం ఆమె మానుకుంటే ఆమెకే కాస్త నిద్ర పడుతుంది.

మధ్యలో ఎప్పుడైనా జారి తాగేశారనుకోండి, సిగ్గుపడి మీటింగ్ ఎగ్గొట్టవద్దు. మర్నాడే వెళ్లి కూర్చోండి, ఎవరూ బయటికి పంపరు. కానీ వరసగా నాలుగైదు రోజులు తాగి ఉంటే, మళ్లీ ఆపేముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి పొంతన లేకుండా మాట్లాడుతున్నా 108కి ఫోన్ చేయమని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి.